నజారా

మా చిన్నప్పుడు నల్లగొండ బస్టాండులో బస్సు సరిగ్గా ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసేవాళ్ళం. దస్తీ పడ్డ సీటు మనది. కాదని ఎవరైనా కూర్చుంటే కొట్లాటే. అబ్బా మమ్మల్ని భుజాల మీదికి ఎత్తితే, ఊచల మధ్యనుంచి చెయ్యి దూర్చి దస్తీ లోపల పడేయడం మా పని. గౌలిగూడ దాకా వంద కిలోమీటర్ల ప్రయాణం. చిట్యాల, చౌటుప్పల్, తాటిచెట్లు, గుట్టలు, బోరు దగ్గర బిందెల వరుస. అమ్మీకి మాత్రం ఆ కిటికీ ఏనాడూ దక్కలేదు. పిల్లలు వాంతి చేసుకుంటారని కిటికీ మాకిచ్చి, ఆమె ఎప్పుడూ ఇవతలి కొసనే కూర్చునేది, చేతిలో నిమ్మకాయ పట్టుకుని.

ఇప్పుడు ఆ దస్తీ ఫోనులోకి వచ్చింది. విమానం టికెట్టు కొన్నాక సీట్ల బొమ్మ కనబడుతుంది. కొన్ని వందల రూపాయలు అదనంగా కడితే కిటికీ పక్క గడి మన పేరు మీద పడుతుంది. కట్టనివాళ్ళకి మిగిలిపోయిన నడిమి సీటు. బస్సులో దస్తీ వేయడానికి గట్టి భుజాలున్న అబ్బా ఉంటే చాలు. ఇక్కడ కార్డు ఉండాలి.

విమానంలో ఏ పక్క కూర్చుంటే బాగా కనబడుతుందని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. పత్రికాఫీసులో మాకు ఇదొక బిరుదైపోయింది. ఉర్దూ పేజీల వాళ్ళూ అడుగుతారు, తెలుగు డెస్కు వాళ్ళూ అడుగుతారు. మాకు ఇష్టమైన విషయం కాబట్టి కాగితం తీసుకుని గీసి మరీ చెబుతాం. ఇక్కడా చెబుతాం. ఆ తర్వాత మమ్మల్ని చాలాకాలంగా కుదురుగా కూర్చోనివ్వని సంగతి ఒకటుంది, దానిలోకి వస్తాం.

విమానం ముక్కు వైపు తిరిగి నిలబడితే ఎడమ గోడ పక్క సీటు ఏ. మూడూ మూడూ సీట్లుండే విమానాల్లో కుడి గోడ పక్కది ఎఫ్. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిదల్లా దిక్కు. మ్యాపు మీద ఎక్కే ఊరి నుంచి దిగే ఊరికి గీత గీయండి. మీరు చూడాలనుకున్నది ఆ గీతకు ఏ పక్కన ఉందో చూసుకోండి. ఢిల్లీ నుంచి కాఠ్మండుకో గౌహతికో పోతుంటే హిమాలయాలు ఉత్తరాన ఉంటాయి, అంటే ఎడమ పక్క. వచ్చేటప్పుడు కుడి పక్క. అయితే ఢిల్లీ నుంచి కాఠ్మండు విమానం ఎక్కి ఎవరెస్టు కోసం వెతుక్కోవద్దు. అది కాఠ్మండు దాటాక ఇంకా తూర్పున, దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారిలో కనబడేవి ధౌలగిరి, అన్నపూర్ణ, మనస్లు. ఎవరెస్టే కావాలంటే పొద్దున్నే కాఠ్మండు నుంచి కొండలు చూపించడానికే తిరిగే చిన్న విమానాలున్నాయి. వాటిలో కిటికీ సీట్లు మాత్రమే అమ్ముతారు. పోయేటప్పుడు ఎడమ పక్కవాళ్ళు చూస్తారు, వచ్చేటప్పుడు కుడి పక్కవాళ్ళు. ఇంత సమానత్వం ఇంకే విమానంలోనూ ఉన్నట్టు మేము వినలేదు.

రెక్క సంగతి చూసుకోవాలి. మధ్య వరుసల్లో కూర్చుంటే గంటన్నర సేపు రెక్కనే చూడాల్సి వస్తుంది. రెక్కకు వెనకైతే ఇంజను వదిలే వేడిగాలికి కొండలు ఎండాకాలం తారురోడ్డులా అల్లాడతాయి. అందుకే రెక్కకు ముందు వరుసలు మేలు. కొన్ని విమానాల్లో ఒకటి రెండు వరుసల్లో కిటికీ సీటని రాసి ఉంటుంది గానీ పక్కన ఉండేది గోడ. మేమూ ఒకసారి గోడకు డబ్బు కట్టినవాళ్ళమే. హైదరాబాదు నుంచి విజయవాడకో తిరుపతికో పోయే ఏటీఆర్ విమానాల్లో ఈ బాధ తక్కువ. వాటి రెక్క కిటికీలకు పైన ఉంటుంది, ఎక్కడ కూర్చున్నా కింద నేల కనబడుతుంది. ఎగిరే ఎత్తు కూడా పెద్ద విమానాలకంటే తక్కువ. కృష్ణ కనబడితే ఇసుక తిన్నెలతో సహా కనబడుతుంది.

ఇక ఎండ. ఉత్తరానికి పోయే విమానంలో పొద్దున పూట కుడి పక్క సూర్యుడు కళ్ళలో పొడుస్తాడు. మధ్యాహ్నం తర్వాత ఎడమ పక్క. ఈ లెక్కలన్నీ కలిపి చూసుకోవడానికి ఢిల్లీ నుంచి శ్రీనగర్ దారి మంచి ఉదాహరణ. విమానం వాయవ్యానికి కొంచెం ఒరిగి ఉత్తరానికి పోతుంది. పెద్ద హిమాలయాల వరస ఆ గీతకు కుడి పక్కన ఉంది, కాబట్టి ఎఫ్. పొద్దుటి విమానమైతే ఎండ కూడా అటునుంచే వచ్చి మంచు కళ్ళు చెదిరేటట్టు కొడుతుంది, కొండల ఆకారం తెలియదు. మధ్యాహ్నం విమానమైతే సూర్యుడు మన వీపు వెనక, పడమట ఉంటాడు. వెలుగు కొండల మొహాన పడుతుంది. గాలి తేటగా ఉన్న రోజున 7,135 మీటర్ల నున్, దాని పక్కనే 7,077 మీటర్ల కున్ అన్నాతమ్ముల్లా నిలబడి కనబడతాయి. తర్వాత పీర్ పంజాల్ దాటుతారు. దాటగానే కింద లోయ. ఆ గంటన్నర ప్రయాణం మొత్తంలో ఆ పది నిమిషాల కోసమే మేము ఎఫ్ కొంటాం.

ఇదంతా చెబుతుంటే వినేవాళ్ళు సంతోషంగా రాసుకుంటారు. మేమూ సంతోషంగానే చెబుతాం. కానీ చెప్పిన ప్రతిసారీ రసూల్‌పురాలో మా ఖాలా ఇల్లు గుర్తుకొస్తుంది.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా హైదరాబాదు విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. బేగంపేట విమానాశ్రయాన్ని ఆనుకునే రసూల్‌పురా బస్తీ. ఖాలావాళ్ళది రెండు గదులు, పైన రేకులు, పక్కింటివాళ్ళకి మాత్రం చిన్న డాబా. సెలవుల్లో పోయినప్పుడు పిల్లలమంతా ఆ డాబా ఎక్కేవాళ్ళం. విమానం వస్తుంటే కిటికీలు వరసగా కనబడేవి. రెండు చేతులూ ఊపేవాళ్ళం. కిటికీల్లో ఉన్నవాళ్ళు కూడా ఊపుతున్నారని మా తమ్ముడు ఒట్టేసి చెప్పేవాడు. ఎర్ర చొక్కా అంకుల్ ఒకాయన ఊపాడని ఒక ఎండాకాలమంతా వాదించాడు. ఆ చప్పుడుకి రేకులు దడదడలాడితే ఖాలా కింద బియ్యం ఏరుతూ, తల కూడా ఎత్తకుండా, విమానాన్ని ఒక తిట్టు తిట్టేది.

2006లో పత్రిక పని మీద మొదటిసారి ఢిల్లీకి విమానంలో పోయి వచ్చాం. తిరిగొచ్చేటప్పుడు కిటికీ దొరికింది. దిగుతున్నప్పుడు అద్దానికి ముక్కు ఆనించి వెతికాం. హుసేన్ సాగర్ కనబడింది. ఆ తర్వాత ఒక్క క్షణం రేకులు, నీలం ప్లాస్టిక్ పట్టాలు, తాళ్ళ మీద ఆరేసిన బట్టలు, ఎవరిదో తెలియని డాబా మీద ముగ్గురు నలుగురు పిల్లలు. అంతే, రన్‌వే వచ్చేసింది. పక్క సీటాయన మా భుజం మీదుగా వంగి చూస్తూ తెలుగులో అన్నాడు. “ఛ, సాగర్ ఎంత బాగుంది, అంతలోనే ఈ మురికివాడ. బయటి దేశాలవాళ్ళు చూస్తే ఏమనుకుంటారండీ?”

ఆయన చెడ్డవాడు కాదు. దారిలో మాకు తన బిస్కెట్లు ఇచ్చాడు. మేము ఏమీ అనలేదు. ఆ రేకుల కింద మా ఖాలా ఉందని చెబితే ఆయన నొచ్చుకునేవాడు. నొచ్చుకుని, సర్దుకుని, పాపం అనేవాడు. ఆ పాపం అనే మాట వినే ఓపిక ఆ రోజు మాకు లేకపోయింది.

ఉర్దూలో దృశ్యాన్ని నజారా అంటారు. నజర్ అంటే చూపు. నజర్ తగిలింది అంటే దిష్టి తగిలిందని. మూడూ ఒక్క మాటలోంచి పుట్టినవే. చూపు ఒట్టి చూపుగానే ఉండదని, పడ్డచోట ఏదో ఒకటి చేసి పోతుందని మా ఇళ్ళలో ఆడవాళ్ళకి ముందునుంచీ తెలుసు. అందుకే బిడ్డకు బుగ్గన చుక్క పెడతారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు.

తెలుగులో మేము ఎన్నాళ్ళుగానో నజారాగానే ఉన్నాం. కథల్లో, సినిమాల్లో, పండగనాటి పత్రికల రంగుల పేజీల్లో. చార్మినారు, లాడ్ బజారు గాజులు, రంజాను రాత్రి హలీమ్ గిన్నెల ఆవిరి, నల్ల బురఖాల గుంపు, వెనక ఒక గజల్ ముక్క. దూరం నుంచి ఎంత అందంగా ఉంటాం మేము! దగ్గరకొచ్చి ఇల్లు అద్దెకడిగితే మాత్రం అందం ఉండదు. అందమో అసహ్యమో, రెండూ కిటికీ పక్క కూర్చున్నవాడి మాటలే. సాగర్ బాగుందన్నదీ ఆయనే, మురికివాడ అన్నదీ ఆయనే. కింద బియ్యం ఏరుకుంటున్న మనిషిని నువ్వేమంటావని ఎవరూ అడగలేదు.

ఇదీ మా ఫిర్యాదు. చాలా ఏళ్ళు చాలా సభల్లో గొంతెత్తి చెప్పాం. సరైన ఫిర్యాదే, ఇప్పటికీ దాన్ని వెనక్కి తీసుకోం. కానీ కిటికీ సీటు మాకు దొరికినప్పుడు మేమేం చేశాం?

2024 ఏప్రిల్లో ఢిల్లీ నుంచి శ్రీనగర్ పోయాం. మధ్యాహ్నం విమానం, రెక్కకు ముందు వరుస, ఎఫ్. అన్ని లెక్కలూ సరిపోయాయి. జబర్వాన్ కొండల కింద తులిప్ తోట పూసే కాలం. విమానం నిండా యాత్రికులు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మా పక్కన నడిమి సీటులో ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయి, చిన్న గడ్డం. సలాం చెప్పుకున్నాం. హైదరాబాదులో చదువుతున్నాడు, టోలీచౌకీలో గది. ఈద్‌కి రాలేకపోయాడట, పరీక్షలు. ఈద్ అయిపోయాక ఇప్పుడు ఇంటికి పోతున్నాడు. బడ్‌గాం పక్క, విమానాశ్రయానికి దగ్గరలోనే వాళ్ళ ఊరు. సీటుకు వేరే డబ్బు కట్టలేదు కాబట్టి ఈ నడిమిది వచ్చిందని నవ్వుతూ చెప్పాడు.

నున్ కున్ కనబడ్డాయి. మేము మైమరిచిపోయాం. కుర్రాడికి చూపించాం కూడా, అదుగో నున్, ఆ పక్కది కున్ అని, అతని కొండల్ని అతనికే పరిచయం చేస్తూ. అతను మర్యాదగా వంగి చూశాడు. “మాషా అల్లా,” అన్నాడు. “మీకు వీటి పేర్లు కూడా తెలుసే అంకుల్. మా ఊళ్ళోంచి ఇవి కనబడవు.” పీర్ పంజాల్ దాటుతున్నప్పుడు వెనక వరుసల్లో చప్పట్లు కొట్టారు. ఎవరో స్వర్గం అన్నారు. మేమూ లోపల అదే మాట అనుకుంటున్నాం, ఉర్దూలో. తేడా అంతవరకే.

ఇది మిలిటరీ విమానాశ్రయం, ఫొటోలు తీయకూడదు అని ప్రకటన వచ్చింది. ఫోన్లు జేబుల్లోకి పోయాయి. విమానం కిందికి దిగుతోంది. కుర్రాడు మెడ సాచి చూడటం మొదలుపెట్టాడు. మేము వీపు సీటుకు ఆనించి, కావాలంటే మా సీటులోకి రమ్మన్నాం. దానం చేసే గొంతుతోనే అన్నాం, దాచడం ఎందుకు.

“వద్దు అంకుల్, మా ఇల్లు ఇటు కనబడదు,” అన్నాడు. “విమానం దిగేటప్పుడు అటు పక్క కనబడుతుంది. ఎర్ర రేకుల ఇల్లు, పక్కన అక్రోటు చెట్లు. అమ్మకి ఈ విమానం టైము తెలుసు. వాకిట్లో నిలబడి ఉంటుంది.”

అటు పక్క అంటే ఏ వరుస. ఎండ కొట్టే పక్క, పెద్ద హిమాలయాలు లేని పక్క. కాగితం మీద మేము ఎప్పుడూ కొట్టేసే పక్క. ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు మంచి సీటు ఏదని అడిగినవాళ్ళకి ఎఫ్ అని ఇన్నేళ్ళుగా చెబుతున్నాం. ఎవరికి మంచిది అని ఒక్కసారీ ఎదురడగలేదు.

మా వరుసలోనే అవతల ఏ సీటులో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కిటికీ తెర సగం దించి ఉంది. బెల్టులు కట్టుకోవాలని దీపం అప్పటికింకా వెలగలేదు. ఒక్క మాట అడిగితే పోయేది. ఈ అబ్బాయికి అయిదు నిమిషాలు ఆ సీటిస్తారా, వాళ్ళ ఇల్లు కనబడుతుంది అని. అడగలేదు. ఎందుకు అడగలేదో ఇన్నాళ్ళుగా మాకు మేమే చెప్పుకుంటున్నాం, కానీ ప్రతిసారీ కారణం మారిపోతోంది. నిద్రపోతున్న పెద్దమనిషిని లేపడం బాగుండదని ఒకటి. అసలు కారణం అది కాదు. శ్రీనగర్ దిగబోతున్న విమానంలో గడ్డం ఉన్న కుర్రవాడు లేచి అటు పక్కకు పోవడం, ఆ పోవడానికి మరో ముస్లిం పేరు సిఫారసు చేయడం, ఎయిర్ హోస్టెస్ చూడటం, మిగతా ప్రయాణికులు చూడటం. నజర్. మా మీద పడబోయే చూపును మేము ముందే లెక్కేసుకున్నాం. ఎండ ఏ పక్కో లెక్కేసినంత సులువుగా. కుర్రాడు కూడా లెక్కేసుకునే ఉంటాడు. అందుకే అతనూ అడగలేదు.

కొందరంటారు, పైనుంచి చూస్తే మనుషులు గీసుకున్న గీతలేవీ కనబడవని. మేమూ ఒకప్పుడు వ్యాసాల్లో రాశాం, బాగా పేలే వాక్యం. కానీ అది నిజం కాదు. రాత్రిపూట భారత పాకిస్తాన్ సరిహద్దు పైనుంచి కనబడుతుంది. కంచె పొడుగునా వేసిన దీపాలు నారింజరంగు తాడులా. 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఫొటోలో కూడా అది స్పష్టంగా ఉంది. కనబడనిది గీత కాదు. 35 వేల అడుగుల నుంచి దిగంతం సుమారు 370 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. హైదరాబాదు మీద అంత ఎత్తున ఉంటే, గాలిలో దుమ్ము లేకపోతే, లెక్క ప్రకారం మచిలీపట్నం తీరం కూడా చూపుకు అందాలి. కానీ అంత చూపులోనూ వాకిట్లో నిలబడ్డ ఒక ఆడమనిషి ఇమడదు. ఆమె కనబడాలంటే బాగా కిందికి దిగాలి. పైగా సరైన పక్కన కూర్చుని ఉండాలి.

ఆ తర్వాతి సంవత్సరం, 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. మే నెలలో రెండు దేశాల మధ్య నాలుగు రోజులు దాడులు జరిగాయి. ఆ మే నెలలోనే పౌర విమానయాన శాఖ ఆదేశమొకటి వచ్చింది. పడమటి సరిహద్దు పక్క సైనిక విమానాశ్రయాల్లో దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ 10 వేల అడుగుల లోపు కిటికీ తెరలు దించి ఉంచాలని, అత్యవసర ద్వారాల వరుసకు మాత్రం మినహాయింపు అని. భద్రత కోసమన్నారు, అప్పటి పరిస్థితుల్లో కాదనలేం. ఆ వార్తను తెలుగు చేసింది మేమే. 10 వేల అడుగులు అని రాస్తూ ఆగిపోయాం. కొండలన్నీ ఆ ఎత్తుకు పైనే అయిపోతాయి. యాత్రికుడి నజారాకు పెద్దగా లోటు లేదు. ఆ ఎత్తుకు కింద ఉండేది ఇళ్ళు.

ఆ రోజు మాత్రం తెరలు తెరిచే ఉన్నాయి. విమానం దిగింది. కుర్రాడు బెల్టు విప్పకముందే ఫోను తీశాడు. కశ్మీరీలో మాట్లాడాడు, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వుతున్నాడు. మాట్లాడటం అయ్యాక అడిగాం, అమ్మ ఏమందని.

“విమానం చూసిందట. చెయ్యి ఊపిందట.”

“నువ్వేమన్నావు?”

“నేనూ ఊపానని చెప్పాను,” అన్నాడు, పైనుంచి మా సంచీ దించి ఇస్తూ.